పూతకు కాపు కాసిన మనిషి

పోయిన ఏడు ముంగారు తొలకరి పడి, మళ్లీ ఎండ కాస్తున్న రోజుల్లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బొగ్గుబస్సులో పోవలసి వచ్చింది. యుద్ధం ముగిసిందని అందరూ అంటున్నారు గానీ పెట్రోలుకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. బస్సు వెనక ఇనప కొలిమి, దానికి గాలి తిప్పే క్లీనరు, ఇద్దరి మసీ కలిసి నా ఉతికిన పంచె మీద. బస్సు కంపెనీ వాణ్ణి మనసులోనే తిట్టుకుంటూ కూర్చున్న నాకు ముందు బెంచీ మీది ఆడవాళ్ల మాటలు వినబడ్డాయి.

"యాడికి పోతాండారత్తా, ఇంత ఎండలో?"

"పేలికలమ్మ కాడికి. కోడలికి కడుపు నిలవడంలే. ఒక పేలిక కట్టించుకోని వస్తాం."

"మంచి పని. శానా సత్తెం గల తల్లి. ఎప్పుడో పూర్వం ఒక రుషి ఆ కోనలో తపస్సు చేసి నిలబెట్టినాడంట."

నాకు నవ్వాగలేదు. పక్కనున్నాయన నావైపు అదోలా చూశాడు. తపస్సు మాట ఏమో గానీ రుషి మాత్రం కాదు. ఆ చెట్టుకు మొదటి పేలిక కట్టినాయన, అడవిలో చెట్లను లెక్క రాయడానికి సర్కారు జీతం మీద వచ్చిన మనిషి. ఆ పేలిక మా ఇంటి మగ్గం మీద నేసిన చీర కొస. ఆయన దాన్ని కడుతుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఎండకు విసుక్కుంటూ.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆయన పోయిన సంగతి అంతకు కొన్ని నెలల ముందే డోన్ స్టేషన్లో తెలిసింది. బండి మారడానికి దిగితే మా పాత రేంజి ఆఫీసులో పనిచేసినవాడు ఒకడు కనబడి చెప్పాడు. రిటైరైన తరువాత ఆ చెట్ల లెక్కల మనిషి డోన్‌లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాడట. ఎందుకయ్యా ఈ దుమ్ములో అని అడిగితే, ఇక్కడి నుంచి నాలుగు దిక్కులకూ బండ్లు ఉన్నాయి కదండీ అనేవాడట. ఒకరోజు పొద్దున తలుపు తెరవలేదు. తంతి ఎవరికి ఇవ్వాలో తెలియక పక్కింటివాళ్లు గదంతా వెదికితే, ఎండుటాకులు తప్ప ఏమీ దొరకలేదట. అది విన్నప్పుడు నాకు దుఃఖం రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

ఆయన్ను మొదటిసారి చూసినప్పుడు ఆకు నములుతున్నాడు. మాది జమ్మలమడుగు, నేతపని ఇల్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతకడం ఇష్టం లేక, కుర్చీలో కూర్చోవచ్చునన్న ఆశతో చదువుకుని అటవీశాఖలో గుమాస్తాగా చేరాను. చేరీ చేరగానే, ఈయన వెంట నల్లమల ఎక్కి చెప్పింది రాసుకోమన్నారు. రిజర్వు అడవిలో ఈ నేలకు సొంతమైన చెట్టూ చేమా గడ్డీ ఏవేవి ఉన్నాయో చూసి, ఒక్కొక్కదాని రెమ్మ కోసి, కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, పేరుతో సహా పైకి పంపడం ఆయన పని. ఆయన అడుగుతీసి అడుగు వేయడం, వంగడం, ఒక ఆకు తుంచడం, వాసన చూడడం, నోట్లో వేసుకోవడం. చేదైతే కనుబొమలు రెండూ కలిసిపోయేవి. వగరైతే ఎడమకన్ను మూసేవాడు. పులుపు తగిలితే మాత్రం ముఖమంతా నవ్వయ్యేది. ఆ ముఖం చూసి ఏం రాయాలో నేను ముందే తెలుసుకునే స్థితికి వచ్చాను.

మా వెంట ఉండే గార్డు సాయిబు నా చెవిలో అనేవాడు: "ఈయప్పను పొద్దున్నే మేకలతో పాటు తోలేస్తే సరిపోతాది గదా సార్. మనకెందుకీ తిప్పలు?"

ఆయనది గోదావరి వైపు. మాట మాటకూ అండీ అనేవాడు. గార్డుకు అండీ, కూలికి అండీ. దారికి అడ్డంగా పడుకున్న బర్రెతో "కాస్త జరగండమ్మా" అనడం నా చెవులారా విన్నాను. సర్కారు మనిషి అంటే అరవాలి, తిట్టాలి, కోళ్లు పట్టుకుపోవాలి. ఈయన ఇంత మర్యాదగా మాట్లాడుతుంటే అడవి అంచు పల్లెల్లో జనానికి అనుమానం వచ్చింది. కొత్త పన్ను ఏదో వేయబోతున్నారని కొందరు మేకల్ని దాచిపెట్టారు కూడా.

మా జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి ఆయనకు పడేవి కావు. కారానికి కళ్లవెంట నీళ్లు కారుతుంటే "బాగుందండీ" అనేవాడు. సాయంత్రమైతే మేము దిగిన అటవీ బంగళా వసారాలో కూర్చుని, నొక్కిన కాగితాలను ఒక్కొక్కటే విప్పి, తడికాగితం తీసి పొడికాగితం పెట్టేవాడు. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేవాడు కాదు. నేను కొంతసేపు చూసి, లేచి, గార్డు ఇంటివైపు కబుర్లకు పోయేవాణ్ణి. తిరిగి వచ్చినా ఆయన అక్కడే, అట్లాగే ఉండేవాడు.

ఒక అలవాటు మాత్రం నాకు చాలాకాలం అర్థం కాలేదు. పొద్దు గూకే వేళ అడవి దిగి పల్లె దాపుకు వస్తామా, అప్పుడు ఇళ్ల ముందు నిలబడి తల్లులు పిల్లల్ని పేరు పెట్టి కేకలేస్తుంటారు. ఆ కేక చెవిన పడిందంటే ఆయన ఉన్నచోటే ఆగిపోయేవాడు. నాకేమో కాళ్లు పీకుతుండేవి, ఆకలి దంచుతుండేది. ఆయన కదిలేవాడు కాదు. ఎక్కడో చేల్లోంచి "ఓ, వస్తాండా" అని వినబడాలి. అప్పుడు "పలికారు, పదండి" అని అడుగు వేసేవాడు.

ఇక ఆ చెట్టు. అహోబిలం పోయే కాలిబాటకు కొంచెం లోపల, ఒక కోనలో కనబడింది. పెద్దది కాదు, అందమైనదీ కాదు. మెలిదిరిగిన మాను, బూడిదరంగు బెరడు, చేతికందే ఎత్తులో కొమ్మలు. ఆయన ఆకు తుంచి నమిలాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. మళ్లీ నమిలాడు. కనుబొమలు కలవలేదు, కన్ను మూతపడలేదు. నావైపు తిరిగి, చిన్నగా, "ఇది నాకు తెలియదండీ గుమాస్తాగారూ" అన్నాడు. ఆ మాట ఆయన నోట అంతవరకూ వినలేదు. చుట్టూ వెదికాము. అలాంటిది ఇంకొకటి లేదు. తరువాతి రోజుల్లో పక్క కోనలూ తిరిగాము, అక్కడా లేదు.

"రాసుకోమంటారా?" అన్నాను.

"ఏమని రాస్తారు? పువ్వు లేందే పేరు లేదండీ. పువ్వూ ఆకూ ఒకే రెమ్మకు ఉండగా కోసి పంపాలి. అప్పుడే లెక్కలోకి తీసుకుంటారు. లేకపోతే ఇది ఉన్నా లేనట్టే."

మళ్లీ గుర్తుపట్టడానికి వీలుగా ఒక గుడ్డ కడదామన్నాడు. మా ఇంట్లో చీర కోసేటప్పుడు మిగిలే ఎర్రంచు పేలికలు నా సంచిలో ఎప్పుడూ ఉండేవి, మూటలు కట్టుకోవడానికి. ఒకటి ఇచ్చాను. తెగిన పోగుల్ని అతికే మా మగ్గాల ముడి ఆయన అప్పటికే నా దగ్గర నేర్చుకున్నాడు. గాలికి జారదు, తెలిసినవాడు లాగితే తప్ప రాదు అని దాన్ని మహా మెచ్చుకునేవాడు. పేలిక మీద సిరాతో నంబరు వేసి, కొమ్మకు ఆ ముడితో కట్టి, నాలుగడుగులు వెనక్కు వేసి చూసుకున్నాడు.

ఆ ఫాల్గుణంలో అహోబిలం తిరునాళ్లకు జనం ఆ బాటనే నడిచారు. మేము ఉగాది దాటాక కోనకు వెళ్లేసరికి చెట్టు మారిపోయింది. మానుకు పసుపు, మొదట్లో కుంకుమ, టెంకాయ చిప్పలు. కొమ్మకొమ్మకూ పేలికలే. చీర కొంగులు, పంచె కొసలు, పసిబిడ్డ పొత్తిగుడ్డలు. అడవి నడుమ ఒంటిచెట్టుకు కొత్త పేలిక కనబడితే మా వైపు జనం ఇంకేమనుకుంటారు? ఎవరో మొక్కుకున్నారనే అనుకుంటారు. ఒకరు కట్టిన చోట నలుగురు కడతారు. దాని మీద నంబరుందని ఎవరికి పట్టింది? చూసినవాళ్లు అదేదో మంత్రం అనుకున్నారట.

ఆయన మొదట పడీపడీ నవ్వాడు. "మన సర్వేకు ఇంత గౌరవం ఎన్నడూ దక్కలేదండీ" అన్నాడు. ఆ నవ్వులోనే చేయి అలవాటుగా ఆకు మీదికి పోయింది.

"ముట్టద్దు నాయనా!"

చెట్టు వెనక నుంచి ఒక అవ్వ లేచి వచ్చింది. ఎండిన మనిషి, చేతిలో చీపురుపుల్లలు. పక్క పల్లె ఆమె. కరువు ఏడు సుగ్గికని, అంటే కోతల కూలికని, తుంగభద్ర వైపు పోయిన కొడుకు మళ్లీ రాలేదు. వాడి పేరు చెప్పి పేలిక కట్టి, రోజూ వచ్చి చెట్టుకింద ఊడ్చి కూర్చుంటున్నది.

"అమ్మోరి చెట్టు మీద కత్తి పెట్టకూడదు, ఆకు తుంచకూడదు. రాలింది తీసుకో, ఎవురూ వద్దనరు. పైది మాత్రం ముట్టద్దు. ముడితే ఇన్ని మొక్కులూ పాడైపోతాయి."

"ఆ మొదటి గుడ్డ నేను కట్టిందేనమ్మా" అన్నాడు ఆయన.

అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. "కట్టేటప్పుడు పేరు సెప్పుకున్నావా?"

"లేదమ్మా."

"మరి ఎవురిదని అమ్మకు ఎట్ల తెలుస్తాది?"

ఆయన ఆకు మీది చేయి తీసేశాడు. ఆ సాయంత్రం వసారాలో కాగితాలు మారుస్తూ, నేను అడగకుండానే మాట్లాడాడు. పెళ్లాం కలరాలో పోయింది. తల్లి అంతకుముందే పోయింది. కాగితాల మీద రాయడానికి ఇంటిపేరూ, రెండు పొడి అక్షరాలూ ఉన్నాయి గానీ, చిన్నప్పుడు తల్లి పిలిచిన పేరు ఒకటి ఉండేది. దానితో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

"మీరు సారు అంటారు. పల్లెల్లో చెట్లాయన అంటారు. మంచిదే. కానీ పిలవకపోతే పేరు ఎండిపోతుందండీ గుమాస్తాగారూ. నా పేరు నాకే ఎవరిదోలా వినిపిస్తోంది. ఆ చెట్టుకైనా ఒక పేరు పెట్టించి పోవాలి."

పెద్దమనిషి అంతలేసి మాట అంటే నేను సన్నగా దగ్గి, గార్డు ఇంటివైపు లేచాను.

అప్పటికే సర్వే ముగించమని పైనుంచి ఒత్తిడి వస్తోంది. ముంగారు వానలు పడే వరకు గడువు అడిగి తెచ్చుకున్నాడు. ఆ ఎండాకాలమంతా ఏ కోనలో ఉన్నా ఏదో వంక పెట్టి ఆ చెట్టు దగ్గరికి పోయివచ్చేవాడు. మొగ్గ వేసిందా అని అవ్వను అడిగేవాడు. లేదు అనేది. ఇద్దరూ చెరో పక్కన కూర్చునేవాళ్లు, ఆమె కొడుకు కోసం, ఈయన పూత కోసం.

తొలి ముంగారు వాన పడిన కొద్దిరోజులకు కోనలోకి అడుగుపెట్టగానే వాసన తగిలింది, కాచిన నెయ్యి వాసన. చెట్టు నిండా సన్నని పాలరంగు పువ్వులు, పేలికల సందుల్లోంచి గుత్తులు గుత్తులుగా. ఆయన సంచిలోంచి కత్తి తీశాడు, కొమ్మ దగ్గరికి వెళ్లాడు.

అవ్వ అడ్డం రాలేదు. అరవలేదు. "కోసుకుంటావా?" అన్నది. "సర్కారోనివి, నేను వద్దంటే ఆగుతావా? అదో, ఆ కొమ్మకే నా కొడుకు పేలిక ఉండాది. ఈ పక్కది ఒక బాలింతది. పైది కుంటోడిది. అన్నీ నేనే పేర్లు పలికి కట్టించినా. నువ్వు కోసినాక నా కొడుకు యాడికని వస్తాడు, నువ్వే సెప్పు."

గార్డు సాయిబు ముందుకు వంగి, "సాయంత్రం ముసల్ది ఇంటికి పోయినాక కోసుకుందాం సార్. నేనైతే కొయ్యనబ్బా, మా ఇంటామె గూడా ఒకటి కట్టింది. మీరే కోసుకోండి" అన్నాడు.

"ఎవరూ చూడనప్పుడు కోసే పనైతే ఇప్పుడే కోసేవాణ్ణండీ" అన్నాడు ఆయన. కత్తి మడిచి సంచిలో వేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పువ్వు కోసం ఎన్ని కొండలు ఎక్కించాడు నన్ను! చిటికెడు రెమ్మ తుంచితే ఏ మొక్కు పాడవుతుంది? అదే అన్నాను కూడా. ఆయన విననట్టు నేల మీద కూర్చుని, రాలిన పువ్వుల్ని ఒక్కొక్కటే ఏరి కాగితంలో పెట్టుకున్నాడు. అవ్వ కూడా ఏరి ఇచ్చింది. ఏరుతూ ఏరుతూ, "నువ్వూ ఒకటి కట్టు నాయనా. ఈసారి పేరు సెప్పి కట్టు" అన్నది.

ఆయన నావైపు చేయి చాచాడు. ఎర్రంచు పేలిక ఒకటి ఇచ్చాను. సిరాబుడ్డి తీయబోతే వద్దన్నాడు. చెట్టుకు దగ్గరగా జరిగి, ముడి వేస్తూ, మానుకు నోరు ఆనించినట్టుగా ఏదో అన్నాడు. అవ్వకు వినబడింది. దూరంగా నిలబడి రుసరుసలాడుతున్న నాకు వినబడలేదు.

రాలిన పువ్వులు పైవాళ్లకు పనికిరాలేదు. కొమ్మకు అంటుకుని లేనిది ఏ చెట్టుదో ఎవరు చెప్పగలరన్నారు, వాళ్ల లెక్కలో అదీ సబబే. సర్వే ముగిసింది. చెట్టు పేరు లేకుండానే ఉండిపోయింది. నాకు కడపకు బదిలీ అయింది, కుర్చీ దొరికింది. ఆయన ఎక్కడికి వెళ్లాడో నేను కనుక్కోలేదు.

బస్సు ఆళ్లగడ్డ చేరేసరికి నేను వచ్చిన పని మరునాటికి వాయిదా వేసుకున్నాను. ఆ అత్తాకోడళ్ల వెనకే జట్కా ఎక్కి, తరువాత నడిచి, కోనకు పోయాను. దారిలో గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. యుద్ధం రోజుల్లో బొగ్గు కోసం, రైళ్ల కట్టెల కోసం ఆ పక్కంతా నరికేశారు. కొండవాలు మీద మొద్దులే. నన్ను మోసుకొచ్చిన బస్సు కొలిమిలో కాలింది అందులోని కొంతేనేమో. ఆ బోడినేల నడుమ ఆ ఒక్క చెట్టు మాత్రం నిలబడి ఉంది, నిండా పేలికలతో, నిండా పూతతో. దాని మీద గొడ్డలి వేయడానికి ఏ కంట్రాక్టరు కూలీ ఒప్పుకోలేదట.

అవ్వ ఉంది. చూపు దాదాపు పోయింది. నా అడుగుల చప్పుడు విని తల ఎత్తి, ఒక పేరు పిలిచింది. "వచ్చినావా? ఈ తూరి ఆలస్యమైందే" అన్నది.

నేను కాదన్నాను. ఆ పేరు ఎవరిదో నాకు వెంటనే అందలేదు. అది ముద్దుగా, సగానికి తుంచిన పేరు, తల్లులు పెట్టేలాంటిది. అందిన తరువాత చెట్టుకింద కూర్చున్నాను.

"ఏటేటా ముంగారు వాన పడినాక వస్తాడప్పా" అన్నది అవ్వ. "రైల్లో నంద్యాలకు వచ్చి, ఆడి నుంచి బస్సు. పూత సూస్తాడు. ఈడ కూసుంటాడు. నా పేరు గుర్తుండాదా అవ్వా అంటాడు. నేను పిలుస్తా. ఓ అంటాడు. పోతాడు. అంతే, ఇంకేమీ అడగడు. నువ్వు ఆయప్ప తావ నుంచి వచ్చినావా?"

పోయాడని చెప్పాను. అవ్వ చీపురుపుల్లల్ని సర్దుకుంది. కొడుకు సంగతి నేను అడగలేదు. వాడి పేలిక చివికి రాలిపోయింది, కొమ్మకు ముడి మాత్రం ఉంది.

"కట్టినోడు పోతే ఈడ పేరు పెట్టి పిలవాల" అన్నది చివరికి. "వాని మనిషి ఎవురో ఒకరు ఓ అని పలికి పేలిక ఇప్పాల. లేకుంటే ఆ జీవం ఈడనే నిలబడుకోని ఉంటాది. ఆయప్పకు ఎవురుండారు?"

గదంతా వెదికినా తంతి ఇవ్వడానికి ఒక్క పేరు దొరకలేదని ఆమెకు ఎట్లా చెప్పను?

"నేనున్నా" అన్నాను.

"నువ్వు ఆయప్ప మనిషివేనా?"

"అవునవ్వా."

అవ్వ మాను పట్టుకుని లేచి నిలబడింది. మొద్దులు తేలిన కొండవైపు తిరిగి, పొద్దు గూకే వేళ బిడ్డను అన్నానికి పిలిచినట్టు, ఆయన పేరు గొంతెత్తి పిలిచింది. బోడికొండలు ఆ పేరును తిరిగి అన్నాయి. అత్తాకోడళ్లు పసుపు కలపడం ఆపి చూశారు. నేను "ఓ" అన్నాను.

నంబరు లేని ఆ పేలిక ఎర్రంచు వెలిసిపోయి, కొమ్మ లావెక్కి, ముడి బెరడులోకి దిగిపోయి ఉంది. మా ఇంట్లో పుట్టినవాడికి ఆ ముడి విప్పడం కష్టమేమీ కాదు. నాకు మాత్రం చాలాసేపు పట్టింది.